పెద్దలకు పక్కవాద్యం

1971 ఆగస్టు నెలలో, అమెరికాలోని టెనెసీ రాష్ట్రపు సంగీత రాజధాని నాష్‌విల్‌కు కొందరు యువకులు వచ్చారు. కాలిఫోర్నియాలో పుట్టిన వారి బృందం పేరు నిట్టీ గ్రిట్టీ డర్ట్ బాండ్. పొడుగు జుట్టు, గడ్డాలు. వియత్నాం యుద్ధం కారణంగా తండ్రులకూ కొడుకులకూ మాటలు కరవైన రోజులవి. జుట్టు చూసి మనిషిది ఏ పక్షమో తేల్చివేసేవారు.

బాల్యంలో తాము ఎవరి రికార్డులు విని వాద్యం పట్టారో ఆ వృద్ధులకు పక్కవాద్యం వాయించాలన్నదే వారి కోరిక. ఫిడేలు, బాంజో, భక్తిగీతాలతో కొండపల్లెల్లో పెరిగిన కంట్రీ సంగీతం అప్పటికి నాష్‌విల్‌లోనే నగర వేషం ధరించింది. పాతవారికి గౌరవం మిగిలింది గాని, రేడియోలో చోటు తగ్గింది.

బాంజో విద్వాంసుడు ఎర్ల్ స్క్రగ్స్ మొదట అంగీకరించాడు. ఆయన చొరవతో మరికొందరు వచ్చారు. బిల్ మన్రో మాత్రం నిరాకరించాడు. 1948లో రిపబ్లికన్ అభ్యర్థిగా గవర్నరు పదవికి పోటీ చేసి ఓడిన రాయ్ ఎకఫ్ కూడా చాలాకాలం సందేహించాడు. అంతవరకు ముద్రించిన పాటలు విన్న తరువాత ఆ జుట్టు ఆయనకు అడ్డు కాలేదు.

ఆరు రోజులలో పని ముగిసింది. అందరూ ఒకే గదిలో కూర్చుని వాయించగా నేరుగా రెండు ట్రాకుల టేపు మీదికి ఎక్కించారు. తరువాత అతుకులు వేయలేదు. చాలా పాటలు మొదటి ప్రయత్నంలోనో, రెండవ ప్రయత్నంలోనో పూర్తయినవే. పాటల నడుమ మాటలను కూడా తొలగించకపోవడం ఈ రికార్డు విశేషం. అంధ గాయకుడు డాక్ వాట్సన్, గిటారు విద్వాంసుడు మెర్ల్ ట్రావిస్ తొలిసారి కలుసుకున్నది ఇక్కడే. అంతకు ఎన్నో ఏళ్ళ ముందే వాట్సన్ తన కుమారునికి మెర్ల్ అని పేరు పెట్టుకున్నాడు! వారి పలకరింపు వింటుంటే, పరాయి వారి వసారాలో దొంగచాటుగా నిలబడినట్లు కొంత సంకోచం కూడా కలుగుతుంది.

1927లో తొలి రికార్డు ఇచ్చిన కార్టర్ కుటుంబపు మేబెల్‌కు అప్పటికి 62 ఏళ్ళు. బొటనవేలితో మంద్రపు తీగెల మీద పాట పలికిస్తూ, మిగతా వేళ్ళతో తాళం నడిపే ఆమె పద్ధతి ఎందరో గిటారు వాద్యకారులకు ఒరవడి అయింది. తల్లి శవపేటిక తరలిపోతుంటే చూస్తున్న బిడ్డ, ఈ బంధం తెగకుండా నిలుస్తుందా అని అడిగే పాటను ఆమెతో కలిసి గదిలోని వారందరూ పాడారు. మూడు ఎల్.పి.లుగా 1972లో వెలువడిన ఆ సంపుటికి ఆ పాట పేరే పెట్టారు: ‘విల్ ద సర్కిల్ బి అన్‌బ్రోకెన్’.

సంపుటి మాత్రం ఆ బృందగానంతో ముగియదు. దాని తరువాత గాత్రం లేదు, గుంపు లేదు. స్క్రగ్స్ కుమారుడు, 18 ఏళ్ళ రాండీ, గిటారు మీద ఒంటరిగా వాయిస్తాడు.