కొండల మీద గీత లేదు

సంపాదకులకు,

ఆదిలాబాద్ కొండల ఉమ్మడి సంస్కృతిపై వ్యాస సంకలనం రావాలన్న మీ సూచన మంచిదే. కానీ దాన్ని తెలంగాణ రచనలకే పరిమితం చేయాలన్న మాటతో నేను ఏకీభవించను. 1956 దాకా కిన్వట్, రాజురా ఆదిలాబాద్ జిల్లాలోనివే. ఆ ఏడే అవి బొంబాయి రాష్ట్రంలోకి, అంటే నేటి మహారాష్ట్ర వైపు పోయాయి, నాందేడ్ జిల్లాలోని బిచ్కుంద, జుక్కల్ మా నిజామాబాద్ వైపు వచ్చాయి. గీత మారింది గానీ చుట్టరికాలు మారలేదు. పుష్య అమావాస్యకు కేస్లాపూర్‌లోని నాగదేవత నాగోబా దగ్గర గోండుల మెస్రం వంశీయులు గోదావరి జలంతో పూజ చేస్తారు. ఆ జాతరకు మహారాష్ట్ర నుంచీ జనం వస్తారు. గోండుల పురాణగాథలను కీక్రి వాయిస్తూ పాడే పర్ధాన్ల ఇంటిభాష మరాఠీ. వాళ్లను వదిలేస్తే గోండుల కథే సగమవుతుంది.

ఇంకొకటి. ఆదిలాబాద్ జిల్లా గుంజాల గ్రామంలో దొరికిన గోండి లిపి 2018లో యూనికోడ్‌లో చేరింది. కాబట్టి గోండి పాటలను ఆ లిపిలోనే అచ్చువేసి, ఎదురు పేజీలో తెలుగు, మరాఠీ అనువాదాలు ఇవ్వవచ్చు. మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ 1940లలో గోండు గూడేల్లో తిరిగి రాసిన ఇంగ్లిషు పుస్తకాలతోనే ఇంకెన్నాళ్లు సరిపెట్టుకుంటాం? సంకలనకర్తలు ముందుగా పర్ధాన్ గాయకుల గడప తొక్కాలని నా విన్నపం.

– ఒక పాఠకుడు, బోధన్