పేర్లు లేని లెక్క ఎవరికి కావాలి?



మా నాయన వేలిముద్ర మనిషి. 1976లో మా మాదిగపల్లెకు బంజరు పంచినప్పుడు ఆయనకు ఎకరన్నరకు డి-పట్టా ఇచ్చారు. ఆ భూమి ఎక్కడుందో కరణానికే ఎరుక. 1984లో కరణాలు పోయారు గానీ దస్త్రాల పెట్టె తాళం మన చేతికి రాలేదు. "మీ ఫైలు లేదు, పో" అన్న మాటే మిగిలింది.

2005 అక్టోబరు 12న సమాచార హక్కు చట్టం అమల్లోకి వచ్చింది. ఇది ఏలినవారి దయ కాదు. కూలి మస్టర్లు చూపించమని రాజస్థాన్ కూలీలు కొట్లాడారు. 1996లో బ్యావర్‌లో 40 రోజులు ధర్నా కూర్చున్నారు. ఆ కొట్లాటలోంచే ఈ చట్టం పుట్టింది.

నేను దరఖాస్తు పెట్టాను. 30 రోజులు దాటినా జవాబు లేదు. అప్పీలుకు పోయాను. అప్పుడు లేని ఫైలు లేచి వచ్చింది! పట్టాల జాబితా, అడంగల్ పక్కపక్కన పెట్టి చూస్తే ఏముంది? మా వాళ్ల పేర్లు ఉండాల్సిన చోట ఊరి పెద్దల పేర్లు.

ఇప్పుడు ఆ పేర్లకే ముసుగు వేస్తున్నారు. 2023 డేటా చట్టంతో సెక్షన్ 8(1)(జె)ని మార్చారు. 2025 నవంబరులో ఆ మార్పు అమల్లోకి తెచ్చారు. ప్రజాప్రయోజనం ఉంటే ఇవ్వాలనీ, శాసనసభకు కాదనలేనిది మామూలు మనిషికీ కాదనరాదనీ పాత సెక్షన్‌లో ఉండేది. ఆ మాటలు కొట్టేశారు. "వ్యక్తిగత సమాచారం" అన్న రెండు ముక్కలే మిగిల్చారు. రేపు అడంగల్ అడిగితే ఆ రెండు ముక్కలే మన మొహాన కొడతారు.

మనిషికి గుట్టు వద్దా అంటారు. కావాలి, మనకే ఎక్కువ కావాలి. కులాంతర పెళ్లి చేసుకున్న మన పిల్ల అడ్రసు, ఆస్పత్రిలో మన జబ్బు చీటీ ఎవడు పడితే వాడికి ఇవ్వకూడదు. పాత చట్టమూ వాటిని కాపాడింది. కానీ సర్కారు భూమి, రేషను బియ్యం, హాస్టలు బిల్లు ఎవరి పేర పోయాయన్నది ఎవరింటి గుట్టూ కాదు.

సెక్షన్ 8(2) ఇంకా ఉంది. నష్టం కన్నా ప్రజాప్రయోజనం ఎక్కువైతే ఇవ్వవచ్చు అంటుంది. "ఇవ్వాలి" అనదు, "ఇవ్వవచ్చు" అంటుంది. కాబట్టి అడిగేవాడు ఒక్కడైతే చాలదు. పల్లె పల్లెంతా అడగాలి. మన రెండు రాష్ట్రాల్లో గ్రామస్థాయి ఆఫీసుకు ఫీజు లేదు, మండలానికి 5 రూపాయలు, ఆపైన 10. తెల్లకార్డు ఉంటే అదీ లేదు. దరఖాస్తులోనే 8(2) పేరెత్తండి. రికార్డులు కళ్లారా చూస్తామని రాయండి. రసీదు లేకుండా ఆఫీసు గడప దాటకండి. జవాబు రాకుంటే 30 రోజుల్లో మొదటి అప్పీలు, అదీ తేలకుంటే 90 రోజుల్లో కమిషన్‌కు రెండో అప్పీలు.

కాగితం వచ్చినంత మాత్రాన భూమి రాదు. మా నాయన పోయాడు, ఎకరన్నర ఇంకా రాలేదు. అయినా ఎవడు దున్నుకు తింటున్నాడో మా పల్లెకు తెలిసింది. ఇవాళ మూయాలని చూస్తున్నది ఆ తెలివిడినే. మూయనిద్దామా?

జై భీమ్!