చెమటలన్నీ ఎండవల్ల కాదు

ఎండలు ముదిరాయి. ఇంట్లో షుగర్ ఉన్న పెద్దవాళ్లుంటే వాళ్లకు వండిపెట్టేవాళ్లు, మంచినీళ్లు అందించేవాళ్లు ఈ మాట ఇవాళే వినాలి.

ఉదయం ఏడున్నరకు మాత్ర వేసుకున్నారు. ఎండకు నోరు చేదుగా ఉందంటూ ఒక ఇడ్లీ తిని పళ్లెం పక్కకు నెట్టేశారు. పదకొండు దాటేసరికి వాలుకుర్చీలో ఉన్న మనిషికి నుదుటి నిండా చెమట. బనీను తడిసి ఒంటికి అతుక్కుపోయింది. వేళ్లు వణుకుతున్నాయి. అడిగినదానికి పొంతన లేని జవాబు చెబుతున్నారు, ఊరికే విసుక్కుంటున్నారు. ఇంట్లోవాళ్లు వడ తగిలిందనుకుంటారు. ఫ్యాను పెంచుతారు, తడిగుడ్డ వేస్తారు, షుగర్ మనిషి కదా అని ఉప్పేసిన పలుచటి మజ్జిగ ఇస్తారు. మరికొందరు చక్కెర లేని నిమ్మరసమో, డైట్ కూల్‌డ్రింకో తెచ్చిస్తారు. ప్రేమతో ఇచ్చినవే అన్నీ. కానీ వాటిలో ఒక్కటీ ఆ మనిషిని కాపాడదు. ఆయనకు రక్తంలో చక్కెర పడిపోయింది. ఆ నిమిషాన ఆయనకు కావాల్సింది చక్కెరే.

వడదెబ్బలో ఒళ్లు కాలిపోతుంది. లో షుగర్‌లో చెమట పట్టి ఒళ్లు చల్లబడుతుంది. అయినా చెయ్యి వేసి చూసి తేల్చుకోవద్దు. ఇంట్లో షుగర్ మిషన్ ఉంటే వెంటనే వేలు పొడిచి చూడండి. 70 కంటే తక్కువ చూపిస్తే అది లో షుగర్. మిషన్ లేకపోయినా, బ్యాటరీ అయిపోయినా, స్ట్రిప్పులు దొరక్కపోయినా లో షుగరే అనుకుని చక్కెర ఇవ్వండి. చక్కెర ఎక్కువై ఉన్న మనిషికి మూడు చెంచాలు అదనంగా వెళితే జరిగే నష్టం స్వల్పం. పడిపోయిన మనిషికి ఇవ్వకపోతే ప్రాణం పోవచ్చు. బీపీకో, గుండెకో అటెనొలాల్, మెటోప్రొలాల్ వంటి మాత్రలు వాడేవాళ్లలో వణుకు, గుండెదడ బయటికి కనిపించకపోవచ్చు. చెమట మాత్రం కనిపిస్తుంది. అందుకే ఈ ఎండాకాలంలో చెమటను తేలిగ్గా తీసుకోవద్దంటున్నాం.

ఎంత ఇవ్వాలి? 15 గ్రాములు, అంటే మూడు చెంచాల గ్లూకోజ్ పొడి అరగ్లాసు నీళ్లలో కలిపి తాగించాలి. 15 నిమిషాలు ఆగి మళ్లీ వేలు పొడిచి చూడాలి. ఇంకా 70 దాటకపోతే మరో మూడు చెంచాలు. దాటాక ఇడ్లీయో, పెరుగన్నమో తినిపించాలి. గ్లూకోజ్ లేకపోతే చక్కెర నీళ్లు ఇవ్వొచ్చు. కానీ ఇక్కడ చాలామందికి తెలియని చిక్కు ఒకటుంది. వోగ్లిబోస్, అకార్బోస్ అనే మందులు చక్కెర పేగుల్లో విడివడి రక్తంలోకి చేరడాన్ని ఆలస్యం చేస్తాయి. అవి వాడుతున్నవాళ్లకు ఇంట్లోని చక్కెర, బెల్లం, మిఠాయి ఆపదలో అక్కరకు రావు. గ్లూకోజే ఇవ్వాలి. మన దగ్గర చాలామంది వాడే మూడు మందుల మాత్రలో గ్లిమెపిరైడ్, మెట్‌ఫార్మిన్, వోగ్లిబోస్ కలిసే ఉంటాయి. చక్కెరను పడగొట్టగలిగే మందూ, తిన్న పంచదారను వెంటనే పనిచేయనివ్వని మందూ ఒకే బిళ్లలో ఉన్నాయన్నమాట. మందుల డబ్బా పక్కనే గ్లూకోజ్ డబ్బా ఉండి తీరాలి. చాక్లెట్ పనికిరాదు, దానిలోని కొవ్వు చక్కెరను ఆలస్యం చేస్తుంది.

స్పృహ తప్పిన మనిషి నోట్లో మాత్రం ఏదీ పోయవద్దు. నీళ్లైనా సరే, తేనె చుక్కైనా సరే. ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయండి. 2005 నుంచి తెలుగు నేల మీద నడుస్తున్న సేవ అది. గ్లిమెపిరైడ్, గ్లైక్లజైడ్, గ్లిబెన్‌క్లమైడ్ వాడేవాళ్లకు ఒకసారి తేరుకున్నా కొన్ని గంటల్లో మళ్లీ పడిపోవచ్చు. ముసలివాళ్లయితే, మూత్రపిండాలు దెబ్బతిన్నవాళ్లయితే మరీను. తేరుకున్నారు కదా అని ఇంట్లో ఒంటరిగా వదిలేసి ఎవరి పనుల మీద వాళ్లు వెళ్లిపోకూడదు, ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

2023లో లాన్సెట్ డయాబెటిస్ అండ్ ఎండోక్రైనాలజీ పత్రికలో వచ్చిన భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) సర్వే దేశంలో 10.1 కోట్ల మందికి షుగర్ ఉందని లెక్కగట్టింది. అంటే ఈ వ్యాసం చదువుతున్నవాళ్లలో చాలామందికి ఇంట్లోనో, దగ్గరి బంధువుల్లోనో ఒక షుగర్ మనిషి ఉన్నట్టే. ఆ మనిషికి ఏం పెట్టాలి, ఏం పెట్టకూడదు అన్న ప్రశ్న ప్రతి ఇంట్లో వినపడుతూనే ఉంటుంది. ఏ మాత్ర వాడుతున్నారు అని అడిగేవాళ్లు తక్కువ. మా మాట ఇదే: మాత్ర పేరు తెలియకుండా తిండి నిర్ణయించకండి. ఉత్త మెట్‌ఫార్మిన్ మీదున్న మనిషి ఒక పూట టిఫిన్ మానేసినా లో షుగర్ రావడం అరుదు. గ్లిమెపిరైడో, ఇన్సులినో తీసుకుని టిఫిన్ మానేస్తే అది ఆపద. ఏకాదశి ఉపవాసమైనా, రంజాన్ రోజా అయినా, ఎండకు తిండి సయించకపోయినా ఒకటే. మాత్ర వేసుకున్నాక తినకుండా ఉండకూడదు. తినలేమని తెలిస్తే మాత్ర సంగతి ముందే డాక్టరును అడగాలి.

ఇక చక్కెర పెంచే పానీయాలు. మందుల షాపు ఫ్రిజ్‌లో రంగురంగుల అట్టపెట్టెల్లో పళ్లరుచి పానీయాలు ఓఆర్ఎస్ అన్న పేరు తగిలించుకుని ఏళ్లతరబడి అమ్ముడయ్యాయి. మందుల షాపులో ఉంది, పేరు ఓఆర్ఎస్ అంది, మందే అనుకుని విరేచనాలైన పసిపిల్లలకూ, నీరసించిన షుగర్ రోగులకూ తాగించారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన అసలు ఓఆర్ఎస్‌లో లీటరుకు గ్లూకోజ్ 13.5 గ్రాములే. ఈ పెట్టెల్లోని చక్కెర దానికి ఎన్నో రెట్లు. హైదరాబాద్ పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ దీనిమీద ఏళ్లతరబడి ఒంటరిగా పోరాడారు. చివరికి 2025 అక్టోబరులో, ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రానికి సరిపోని ఏ పానీయం మీదా ఓఆర్ఎస్ అన్న మాట ఉండకూడదని దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆదేశించింది. ఆమెకు తెలుగు ఇళ్లన్నీ రుణపడి ఉన్నాయి. కానీ పేరు మారినంత మాత్రాన లోపలి చక్కెర మారదు. కొత్త పేరుతో, అదే రంగుతో షాపు అరలో కనిపించేదాన్ని షుగర్ మనిషి కోసం కొనకండి.

అలాగని విరేచనాలైనప్పుడు షుగర్ ఉందని అసలు ఓఆర్ఎస్‌ను మానేయడం కూడా పొరపాటే. లీటరు నీళ్లకు 13.5 గ్రాముల గ్లూకోజ్‌కు భయపడి మనిషిని ఎండిపోనివ్వకూడదు. పొడి ప్యాకెట్ కొనండి. పెద్ద ప్యాకెట్ అయితే మొత్తం పొడిని సరిగ్గా లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో కలపాలి. గ్లాసుకింత అని విడదీసి కలిపితే ఉప్పు, గ్లూకోజ్ పాళ్లు చెడతాయి. వాంతులు, విరేచనాలు అవుతున్నప్పుడు మెట్‌ఫార్మిన్, డాపాగ్లిఫ్లోజిన్ వంటివి కొన్నాళ్లు ఆపాల్సి రావచ్చు. అదే రోజు డాక్టరుకు ఫోన్ చేసి అడగండి. ఇన్సులిన్ మాత్రం ఏమీ తినడం లేదు కదా అని సొంతంగా మానేయకండి.

కొబ్బరి బోండాం మీద మన వాళ్లకున్న నమ్మకం ఇంతా అంతా కాదు. ఆసుపత్రిలో బంధువును చూడ్డానికి వెళ్లినా చేతిలో రెండు బోండాలుంటాయి. మూత్రపిండాలు బాగున్న షుగర్ మనిషి ఎప్పుడైనా ఒకటి తాగితే కొంప మునగదు. కానీ షుగర్ ఏళ్లపాటు ఉన్నవాళ్లలో ఎందరికో మూత్రపిండాలు కొంత దెబ్బతిని ఉంటాయి. దానికి తోడు బీపీకి టెల్మిసార్టన్, రామిప్రిల్ లాంటి మాత్రలు వాడుతుంటారు. అవి ఒంట్లో పొటాషియంను నిలబెడతాయి. ఒక బోండాంలోనే 500 మిల్లీగ్రాముల దాకా పొటాషియం ఉంటుంది. అది రక్తంలో పేరుకుంటే గుండె లయ తప్పుతుంది. మూత్రపిండాల పనితీరు చెప్పే క్రియాటినిన్ ఎంతుందో తెలియని మనిషికి రోజుకు రెండు బోండాలు తాగించకండి. చెరకు రసం సంగతి వేరే చెప్పాలా, గ్లాసుకు దాదాపు 30 గ్రాముల చక్కెర. కూల్‌డ్రింకూ అంతే. పండ్ల రసం అట్టపెట్టె మీద నూటికి నూరుపాళ్లు పండ్ల రసమే అని రాయడాన్ని 2024 జూన్‌లోనే ఎఫ్ఎస్ఎస్ఏఐ వద్దంది. నూటికి నూరుపాళ్లు నిజమే అయినా పీచు తీసేసిన రసం రక్తంలోకి పరుగెత్తుతుంది.

తాటికల్లు, ఈతకల్లు కూడా ఈ కాలపు పానీయాలే. ప్రకృతిసిద్ధమైనవి కదా అని షుగర్ ఉన్నవాళ్లు కూడా తాగుతుంటారు. ఖాళీ కడుపున కల్లు గానీ మద్యం గానీ పడితే కాలేయం గ్లూకోజ్ విడుదల చేయడం తగ్గిస్తుంది. దానికి మాత్రో, ఇన్సులినో తోడైతే అర్ధరాత్రి చక్కెర పడిపోతుంది. మాట ముద్దగా వస్తుంది, తూలుతారు. నోటి దగ్గర వాసన చూసి తాగి పడుకున్నాడని వదిలేస్తారు. అలా వదిలేసిన మనిషి తెల్లారి లేవకపోవచ్చు.

ఇప్పుడు చెప్పబోయేది మరీ ముఖ్యం. షుగర్ తగ్గుతుందని పొద్దున్నే సొరకాయ రసం తాగే అలవాటు మన ఊళ్లలోనూ ఉంది. 2010లో ఢిల్లీలో షుగర్ ఉన్న ఒక శాస్త్రవేత్త సొరకాయ, కాకరకాయ రసం కలిపి తాగి చనిపోయారు. ఆయన ఏళ్ల తరబడి తాగుతున్నదే అది. ఆ రోజు సొరకాయ చేదుది. చేదు సొరకాయలో కుకుర్బిటాసిన్లనే విషపదార్థాలుంటాయి. వాటివల్ల రక్తవాంతులు, విరేచనాలు అయి రక్తపోటు పడిపోతుంది. దీనికి విరుగుడు మందు లేదు. ఐసీఎంఆర్ నిపుణుల సంఘం స్పష్టంగా చెప్పింది: రసం తీసేముందు చిన్న ముక్క నాలుక మీద వేసుకుని చూడాలి, చేదుగా ఉంటే కాయ మొత్తం పారేయాలి, వేరే ఏ రసంతోనూ కలపకూడదు. కాకర రసంలో కలిపాక ఏ చేదు దేనిదో ఎవరికి తెలుస్తుంది? తాగాక కడుపులో తిప్పినా, వాంతి అయినా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి. అసలు సొరకాయను కూర వండుకోండి, పప్పులో వేసుకోండి. పచ్చి రసం మా దృష్టిలో అనవసరపు ప్రమాదం.

లేబుళ్ల మాటకొస్తే, షుగర్ ఫ్రీ అని రాయాలంటే 100 గ్రాముల్లో చక్కెర అర గ్రాము మించకూడదన్నది నిబంధన. పిండి గురించి, నెయ్యి గురించి ఆ మాట ఏమీ చెప్పదు. మైదాతో చేసిన షుగర్ ఫ్రీ బిస్కెట్ రక్తంలో గ్లూకోజే అవుతుంది. పదార్థాల జాబితాలో మాల్టోడెక్స్‌ట్రిన్ అన్న పేరు కనిపిస్తే ఆ డబ్బా అక్కడే పెట్టేయండి. లేబుల్ మీద అది చక్కెర లెక్కలోకి రాదు గానీ పంచదార కంటే వేగంగా రక్తంలోకి చేరుతుంది. పోషకాల పొడి డబ్బాల్లో ఇది మామూలు. ఇక బెల్లం, తాటిబెల్లం, తేనె, ఖర్జూరం. షుగర్ మనిషి విషయంలో ఇవి చక్కెరకు బంధువులే తప్ప ప్రత్యామ్నాయాలు కావు.

రాగి జావను మేము కాదనడం లేదు. కానీ చాలా ఇళ్లలో అది మందులా చలామణి అవుతోంది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రచురించిన పట్టికల్లో 100 గ్రాముల రాగుల్లో పిండిపదార్థం దాదాపు 67 గ్రాములు, తెల్ల బియ్యంలో 78. తేడా అంతే. రాగుల్లో పీచు ఎక్కువ, కాల్షియం ఎక్కువ, ఆ మేలు ఉంది. మెత్తగా విసిరి, బాగా ఉడికించి, గటగటా తాగే జావలో పీచు చేసే మేలు చాలావరకు తగ్గుతుంది. అన్నం తగ్గించి, ఆ మేరకు ఆకుకూర పప్పుతో గట్టి సంగటి తింటే నయం. అన్నం మామూలుగా తిని పైగా జావ తాగితే చక్కెర పెరుగుతుంది. మామిడిపండు కూడా అంతే. రెండు ముక్కలు తినాలనిపిస్తే ఆ పూట అన్నం ఒక గరిటె తగ్గించి తినమనండి. దాచిపెట్టి తినే పరిస్థితి తేవద్దు.

తాగడానికి ఏమివ్వాలంటే, మంచినీళ్లు. పలుచటి మజ్జిగ, బీపీ ఉంటే ఉప్పు తగ్గించి. చక్కెర లేని నిమ్మనీళ్లు, నానబెట్టిన సబ్జా. గుండె, మూత్రపిండాల జబ్బు ఉన్నవాళ్లకు ఎన్ని నీళ్లన్నది డాక్టరు చెప్పిన లెక్కే.

అమ్మానాన్నలు ఊళ్లో, పిల్లలు హైదరాబాద్‌లోనో డల్లాస్‌లోనో ఉన్న ఇళ్లు ఎన్నో. ఖర్జూరాలూ పోషకాల డబ్బాలూ పంపే ముందు, ఇవాళ వీడియో కాల్‌లో మందుల అట్టలన్నీ ఒక్కొక్కటే చూపించమని అడగండి. ప్రతి మాత్ర పేరూ రాసుకోండి. వాటిలో చక్కెర పడగొట్టేవి ఏవో, వేటిని వాడితే ఆపదలో గ్లూకోజ్ మాత్రమే పనిచేస్తుందో డాక్టరును అడిగి తెలుసుకోండి. ఇంట్లో ఉన్నవాళ్లు ఆ పనే ఈ సాయంత్రం చేయండి. ఒక గ్లూకోజ్ డబ్బా, రెండు ఓఆర్ఎస్ పొడి ప్యాకెట్లు కొని మందుల డబ్బా పక్కన పెట్టండి. అవి ఎక్కడున్నాయో, ఎప్పుడు ఇవ్వాలో పనిమనిషికీ, పదేళ్ల మనవరాలికీ కూడా చెప్పి ఉంచండి. పగటిపూట పెద్దవాళ్ల దగ్గర ఉండేది చాలా ఇళ్లలో వాళ్లిద్దరే.