ఆటతో పాటు ఇంటి తాళం కూడా ఇచ్చేస్తున్నామా?

పిల్లలకు వేరే అకౌంట్ పెట్టాం, ఇక భయం లేదని చాలా ఇళ్లలో ధీమా. 2019 ఆగస్టులో ‘స్టీమ్’ ఉదంతం ఆ ధీమాను ప్రశ్నించింది.

కంప్యూటర్ గేమ్స్ కొని ఆడుకునే స్టీమ్‌ను అమెరికా కంపెనీ వాల్వ్ నడుపుతోంది. విండోస్‌లో దాని సర్వీస్ ఒకటి పూర్తి సిస్టమ్ అధికారాలతో పనిచేస్తుంది. మామూలు యూజర్ కూడా దాన్ని స్టార్ట్ చేయొచ్చు. కంప్యూటర్‌లోకి అప్పటికే చేరిన ఏ చిన్న ప్రోగ్రామ్ అయినా దీన్ని అడ్డుపెట్టుకుని మొత్తం సిస్టమ్‌ను గుప్పిట్లోకి తీసుకోగలదని పరిశోధకుడు వాసిలీ క్రావెట్స్ గుర్తించారు.

ఆయన ముందు కంపెనీకే చెప్పారు. ఇలాంటివి తమ పరిధిలోకి రావని తిప్పి పంపారు. విషయం బయటపెట్టాకే సవరణ వచ్చింది. లోపాలు చూపినవారికి బహుమతులిచ్చే వాల్వ్ కార్యక్రమం నుంచి ఆయన్ను తప్పించారు కూడా. ఆయన రెండో లోపం బయటపెట్టాక తిప్పి పంపడం పొరపాటేనని వాల్వ్ ఒప్పుకుంది, నిబంధనలు మార్చింది.

అబ్బా దుకాణం లెక్కలు, అమ్మీ బ్యాంకు పని, పిల్లల ఆట అన్నీ ఒకే కంప్యూటర్‌లో నడిచే ఇళ్లకు ఇది చిన్న విషయం కాదు. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు మనం ఇచ్చే అనుమతి ఒక అమానత్. దాన్ని కాపాడాల్సింది కంపెనీ. అప్‌డేట్లు ఆపకుండా, ఊరికే దొరికే క్రాక్ గేమ్స్ జోలికి పోకుండా ఉండాల్సింది మనం.