టామీ దగ్గుతోందా?

ఇంట్లో పిల్లాడు నాలుగుసార్లు దగ్గితే చాలు... అమ్మ నుదుటి మీద చెయ్యి వేసి చూస్తుంది, నాయనమ్మ మిరియాల కషాయం కాస్తుంది. అదే గుమ్మంలో పడుకున్న టామీ దగ్గితే? 'చలిగాలి తగిలినట్టుంది, అదే తగ్గుతుందిలే' అనుకుంటారు. లేదంటే పిల్లాడి సిరప్పే రెండు చెంచాలు పోసేస్తారు. రెండూ ప్రమాదమే. దగ్గు లోపలి జబ్బు పంపే కబురు. అది ఎప్పుడు, ఎలా దగ్గుతోందో గమనిస్తే సగం సంగతి తెలిసిపోతుంది.

దగ్గుల్లో తేడాలు

గొంతులో ఎముక ఇరుక్కున్నట్టు పొడిగా, గట్టిగా దగ్గి, చివర్లో తెల్లటి నురగ కక్కుతోందా? ఈ మధ్య దాన్ని బోర్డింగ్‌లోనో, డాగ్ షోలోనో వేరే కుక్కల మధ్య ఉంచారేమో గుర్తు తెచ్చుకోండి. అది 'కెన్నెల్ కాఫ్' కావచ్చు. బోర్డెటెల్లా అనే బ్యాక్టీరియా, కొన్ని వైరస్‌లు తెచ్చే అంటువ్యాధి ఇది. ఆరోగ్యంగా ఉన్న పెద్ద కుక్కల్లో మామూలుగా రెండు మూడు వారాల్లో తగ్గిపోతుంది. అందాకా మిగతా కుక్కలకు దూరంగా ఉంచాలి. దీనికి టీకా ఉంది. బోర్డింగ్‌లో వదిలే ముందే వేయించడం మంచిది.

పొమేరియన్, చివావా లాంటి చిన్న జాతులు గొలుసు లాగినప్పుడు, సంబరంతో గెంతినప్పుడు బాతు అరిచినట్టు దగ్గుతుంటాయి. శ్వాసనాళాన్ని తెరిచి ఉంచే మృదులాస్థి వలయాలు బలహీనపడి, నాళం అణిగిపోవడం ఇందుకు ముఖ్య కారణం. వీటికి మెడపట్టీ తీసేసి, ఛాతీ చుట్టూ వేసే హార్నెస్ కట్టాలి. ఒళ్లు పెరగనివ్వకూడదు.

కుక్కపిల్ల దగ్గుతూ, కళ్లలో పుసులు, ముక్కు కారడం, జ్వరం కూడా ఉంటే డిస్టెంపర్ ఏమోనని అనుమానించాలి. మెదడుకు పాకితే ఫిట్స్ వస్తాయి, ప్రాణమే పోవచ్చు. ఆ వైరస్‌ను చంపే మందంటూ లేదు, టీకాలే రక్ష. 6 నుంచి 8 వారాల వయసులో మొదలుపెట్టి, 4 నెలలు నిండేదాకా డాక్టరు చెప్పిన తేదీలకు తప్పకుండా వేయించాలి.

వయసు మీద తోసేయొద్దు

అందరూ ఎక్కువగా పొరబడేది ముసలి కుక్క విషయంలో. పదేళ్లు దాటాయి, దగ్గదా మరి అని సరిపెట్టుకుంటారు. రాత్రిళ్లు దగ్గు, నాలుగడుగులు వేస్తే ఆయాసం... ఇవి గుండె జబ్బు గుర్తులు కావచ్చు. చిన్న జాతుల్లో వయసు పెరిగేకొద్దీ గుండె కవాటం సరిగా మూసుకోకపోవడం తరచూ కనిపించేదే. వేళకు కనిపెడితే మందులతో ఇంకొన్నాళ్లు హాయిగా బతుకుతుంది.

ఇంట్లోనే ఓ చిన్న పరీక్ష చేయొచ్చు. కుక్క నిద్రపోతున్నప్పుడు గడియారం పట్టుకుని, నిమిషంలో ఛాతీ ఎన్నిసార్లు లేచి దిగుతుందో లెక్కపెట్టండి. ప్రతిసారీ 30 దాటుతుంటే ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించాలి.

ఇవి మరిచిపోవద్దు

మన పారాసెటమాల్ కుక్క కాలేయాన్ని దెబ్బతీస్తుంది. కొన్ని షుగర్‌ఫ్రీ సిరప్‌లలో ఉండే జైలిటాల్ దాని రక్తంలో చక్కెరను ఒక్కసారిగా పడగొడుతుంది. కాబట్టి సొంత వైద్యం వద్దు. అగరబత్తి, మస్కిటో కాయిల్, సిగరెట్ పొగ దాని దరికి రానివ్వకండి. దగ్గు తగ్గేదాకా పరుగులు పెట్టించకండి.

చిగుళ్లు నీలంగా మారినా, మెడ చాచి ఊపిరి కోసం తంటాలు పడుతున్నా, దగ్గులో రక్తం పడినా తెల్లారేదాకా ఆగొద్దు. మిగతా సందర్భాల్లో ఆసుపత్రికి వెళ్లే ముందు ఓ పని చేయండి. దగ్గుతున్నప్పుడు సెల్‌ఫోన్లో వీడియో తీసుకోండి. డాక్టరు బల్ల ఎక్కగానే చాలా కుక్కలు బుద్ధిమంతుల్లా దగ్గు మానేస్తాయి మరి!