ఫ్యాటీ లివర్ అనగానే బయాప్సీ భయమా? ముందు ఈ లెక్క అడగండి

నిజామాబాద్: స్కానింగ్ రిపోర్టులో 'గ్రేడ్-1 ఫ్యాటీ లివర్' అని కనిపిస్తే చాలు.. సూది గుచ్చి ముక్క తీస్తారేమోనని టెన్షన్ మొదలవుతుంది. నిజానికి ఎక్కువ మందికి ఆ అవసరమే రాదు.

హైదరాబాద్ ఐటీ ఉద్యోగులపై 2025లో వచ్చిన అధ్యయనంలో 84 శాతం మందికి ఫ్యాటీ లివర్ ఉన్నట్లు తేలింది. ఇంతమందికి బయాప్సీ చేయడం అయ్యే పనేనా?

అసలు విషయం ఏంటంటే.. స్కానింగ్ గ్రేడ్ చెప్పేది కొవ్వు గురించే. ప్రమాదాన్ని తేల్చేది లివర్ గట్టిపడటం, అంటే ఫైబ్రోసిస్. దీన్ని అంచనా వేసే తొలి మెట్టు 'ఫిబ్-4' స్కోరు. వయసు, ఏఎస్‌టీ, ఏఎల్‌టీ, ప్లేట్‌లెట్ల సంఖ్య ఉంటే సరిపోతుంది. ఇవన్నీ మామూలు రక్త పరీక్షలే.

స్కోరు 1.3 లోపు ఉంటే రిస్క్ తక్కువ. 65 ఏళ్లు దాటినవారికి ఈ హద్దు 2. స్కోరు 2.67 దాటితే లివర్ స్పెషలిస్టును కలవాల్సిందే. మధ్యలో ఉంటే ఫైబ్రోస్కాన్ చేయించాలి. అందులో 8 కిలోపాస్కల్స్ లోపు వస్తే ఊరటే.

ఉదాహరణకు బోధన్ వైపు 50 ఏళ్ల చెరకు రైతునే తీసుకుందాం. ఏఎస్‌టీ 40, ఏఎల్‌టీ 36, ప్లేట్‌లెట్లు 2 లక్షలు. రిపోర్టు చూస్తే అంతా నార్మలే! కానీ స్కోరు 1.67. అంటే ఇంకో పరీక్ష కావాలి.

బయాప్సీ పూర్తిగా పోలేదు. పరీక్షలు పొంతన లేకుండా వచ్చినా, వేరే లివర్ జబ్బు అనుమానం ఉన్నా అదే దిక్కు. 35 ఏళ్లలోపు వారిలో ఫిబ్-4 అంత నమ్మకంగా పనిచేయదు.

అందుకే గ్రేడ్ చూసి హైరానా పడొద్దు, నార్మల్ అని వదిలేయొద్దు. డాక్టర్‌ను ఒక్క మాట అడగండి.. "సార్, నా ఫిబ్-4 ఎంత?"