చూడకుండానే చెప్పిన తీర్పు

2020 మార్చిలో కోవిడ్ తాకిడికి స్పెయిన్ రాజధాని మాడ్రిడ్ ఆసుపత్రుల్లో కాలు పెట్టే చోటు లేదు. ఎగ్జిబిషన్ హాళ్లలో మంచాలు వేశారు. ఐస్ స్కేటింగ్ రింకును శవాగారం చేశారు. అలాంటప్పుడు ఎవరిని ముందు చేర్చుకోవాలో, ఎవరిని ఆపాలో వైద్యులు తేల్చుకోక తప్పదు. దాన్ని తప్పు పట్టలేం.

అక్కడి వృద్ధాశ్రమాల విషయంలో జరిగింది వేరు. ఆ నెల ద్వితీయార్ధంలో ప్రాంతీయ ఆరోగ్య శాఖ నుంచి మార్గదర్శకాలు వెళ్లాయి. సొంతంగా నడవలేనివారిని, మతిమరుపు జబ్బు ముదిరినవారిని ఆసుపత్రికి తరలించనక్కర్లేదన్నది వాటి సారాంశం. ఎమర్జెన్సీలో డాక్టరు నాడి పట్టి చూసి ఇక లాభం లేదని చెప్పడం ఒకటి. చక్రాల కుర్చీలో ఉన్నారు కాబట్టి అసలు డాక్టరు దాకా రానక్కర్లేదనడం మరొకటి. కాళ్లు పడిపోయినంత మాత్రాన గుండె, ఊపిరితిత్తులు కూడా చేతులెత్తేసినట్టేనా? అన్నట్టు, ప్రైవేటు ఆరోగ్య బీమా ఉన్నవారికి మాత్రం ప్రైవేటు ఆసుపత్రుల దారి తెరిచే ఉంది.

ఆశ్రమాల్లోనే వైద్యం అందేలా చూస్తామని ప్రాంతీయ ప్రభుత్వం అంది. చాలాచోట్లకు ఆ వైద్యం చేరలేదు. ఇది వివక్ష, వీళ్లు దిక్కులేని చావు చస్తారని ఆ ప్రభుత్వంలోని సామాజిక విధానాల మంత్రి ఆల్బెర్టో రెయెరో అప్పుడే సహచర మంత్రికి రాసి హెచ్చరించారు. ఆ అక్టోబరులో పదవి వదులుకున్నారు. మార్చి, ఏప్రిల్ నెలల్లో ఆసుపత్రి ముఖం చూడకుండా ఆశ్రమాల్లోనే పోయినవారు 7,291 మంది. వాళ్లు ఎక్కడున్నా దక్కేవారు కాదన్నది పాలకుల వాదన. ఆసుపత్రికి తీసుకెళ్లి ఉంటే 4 వేల మందికి పైగా బతికేవారని 2024లో పౌర సత్యశోధక సంఘం అంచనా కట్టింది. అంచనాను ఎవరైనా ప్రశ్నించవచ్చు. కానీ పరీక్షించి చూడని రోగి ఎక్కడున్నా దక్కడని పాలకులు అంత నిబ్బరంగా ఎలా చెప్పగలరు?

ఇది మాడ్రిడ్ గొడవే అనుకోనక్కర్లేదు. పిల్లలు అమెరికాలో, అమ్మానాన్నలు ఆశ్రమంలో ఉన్న ఇళ్లు మన తెలుగునాట తక్కువేం కావు. చేర్చేటప్పుడు గదికి గాలి వస్తుందా, పప్పుచారు బాగుంటుందా అని అడుగుతాం. అర్ధరాత్రి ఆయాసం వస్తే 108కి ఫోన్ చేసేది ఎవరు, వెంట వెళ్లేది ఎవరు, ఆసుపత్రిలో సంతకం పెట్టేది ఎవరు అని అడగడానికి మాత్రం మొహమాటపడతాం. ఆ మొహమాటం అధికారులకు ఉండనక్కర్లేదు. ఆశ్రమానికి అనుమతి ఇచ్చే రోజే ఈ మూడింటికీ రాతపూర్వకంగా జవాబు తీసుకోవచ్చు.